ఐదు లెక్కపెట్టేలోగా

ఆట 1. నేల వేడి 37. మొదలు 5.05, ముగింపు 6.20.

ఈ నోటుబుక్కు నా సొంతం. బోర్డుకిచ్చే పుస్తకం వేరే ఉంది. ఎవరు ఎన్ని గోల్స్ కొట్టారు, నేల ఎంత వేడెక్కింది, ఎవరి చలవ చొక్కా కారింది, పిలుపు పరీక్షలో ఎవరికి ఎన్ని లెక్కలు పట్టాయి, అందులో ఇవి మాత్రమే రాయాలి. మిగతావాటికి గడి లేదు. గడి లేనివన్నీ నా బుర్రలో పేరుకుపోతున్నాయి కాబట్టి ఈ ఏడాది ఇది మొదలుపెట్టాను.

నా పేరు సలోమి. యాభై తొమ్మిదేళ్ళు. రాతిపాడు క్వారీ అడుగున పిల్లలు ఆడే ఫుట్‌బాల్‌కు రిఫరీని. సున్నంతో గీతలు గీసేదీ, వలలు కట్టేదీ, ఆట అయ్యాక బంతులు ఏరి లోపల పెట్టేదీ నేనే. పిల్లలు ఈల మేడం అంటారు. పెద్దవాళ్ళు ఏమంటారో ఇక్కడ రాయను.

ఆడటానికి మాకున్నది పొద్దున్నే గంటా పావు. ఆ తరువాత ఎండ గోడ దిగి అడుగుకు వచ్చేస్తుంది, చొక్కాల్లో ఐసు కరిగిపోతుంది, అందరం గోడల్లో తొలుచుకున్న మా వరసల్లోకి వెళ్ళిపోవాలి. ఆ గంటా పావు ఆకాశం కోసం పిల్లలు వారమంతా ఎదురుచూస్తారు. వేడి ముదిరాక పుట్టిన తరం ఇది. కన్నవాళ్ళు ఆశకొద్దీ అందరికీ చల్లని పేర్లే పెట్టుకున్నారు. హిమజ, తుషార్, శిశిర, శీతల్. హాజరు పిలుస్తుంటే నాకే కాస్త గాలి తగిలినట్టుంటుంది.

అంత ముద్దుగా పేర్లు పెట్టినవాళ్ళే తూర్పు గోడలో, ముప్పై అడుగుల ఎత్తున, అద్దాల వసారాలో కూర్చుంటారు. చలవ చొక్కాలు పిల్లలకే చాలవు కనుక పెద్దవాళ్ళు కిందికి రారు. వాళ్ళ అరుపులు అద్దం దాటి రావు. రానక్కర్లేదు. ప్రతి తల్లి చేతిలోనో తండ్రి చేతిలోనో పిలుపు మీట ఉంటుంది. అది నొక్కి మాట్లాడితే ఆ మాట తమ పిల్ల పెట్టుకున్న, మొహానికి అద్దమున్న టోపీలో, చెవి పక్కనే వినిపిస్తుంది. కింద నాకు వినపడేది బంతి చప్పుడూ పిల్లల రొప్పూ అంతే. పైన ఒక నోరు కదలగానే ఇక్కడ ఒక పిల్ల భుజాలు ముడుచుకుంటాయి. ఏ నోటికి ఏ భుజాలో నాకు బాగా తెలుసు.

ఆట అయ్యాక పిలుపు పరీక్ష. పిల్లలు ఊరికే బంతి తన్నుకుంటుండగా పెద్దవాళ్ళు ఒక్కసారి పిలుస్తారు. పిల్ల ఉన్నచోటు నుంచి తిరిగి తలుపు వైపు కదలాలి. నేను లెక్కపెడతాను. ఐదు లెక్కపెట్టేలోగా కదలని పిల్లను మళ్ళీ బయటికి పంపరు. ఇవాళ పద్నాలుగు మందీ మూడు లోపే. హిమజ రెండు. దాన్ని చూస్తే ముచ్చటేసింది.

ఆట 2. నేల వేడి 37. ముగింపు 6.20.

సగం ఆటలో బోర్డు పెద్ద మస్తానయ్య వసారాలోకి వచ్చి ఒక కబురు చెప్పాడు. ఎండలు ముదిరే ఈ కత్తెర నలభై రోజులూ మన పిల్లల్లో ఏడుగురిని కొండ మీది బడికి పంపుతారట. అక్కడ టోపీ లేకుండా తిరగొచ్చు. వాన పడితే తడవొచ్చు. బాగా ఆడేవాళ్ళను ఎంచుతారు, పిలుపు పరీక్షలో ఐదు దాటకుండా ఉండాలి. అంత మాట చెప్పేసి ఆయన టీ తాగి వెళ్ళిపోయాడు. రెండో సగం ఆడించింది నేను.

మొదటి సగంలో పది నోళ్ళు కదిలితే రెండో సగంలో ఒక్కటీ మూతపడలేదు.

ఆట 4. నేల వేడి 38. ముగింపు 6.20.

నా టోపీలోకి కూడా ఒక లైను ఉంది. పైనుంచి ఏదైనా ప్రమాదం కనబడితే నాకు చెప్పడానికి పెట్టింది. ఒకసారికి ఒక్కరే మాట్లాడగలరు. ఇవాళ అందులో వచ్చినవి: ఆఫ్‌సైడ్ కాదని రెండు, ఆఫ్‌సైడేనని రెండు, నాకు కళ్ళజోడు మార్చమని ఒకటి. చివరిది వీరబ్రహ్మం.

వీరబ్రహ్మం హిమజ తండ్రి. మూడు వరసల్లో గాలి ఫ్యాన్లన్నీ ఆయన చేతి మీద నడుస్తాయి. పనిలో మంచివాడు, మాట నెమ్మది. మీట చేతికొస్తే మాత్రం మనిషి మారిపోతాడు.

"మేడం, ఆ పొడుగు పిల్లోడు మా అమ్మాయిని నెడతంటే చూడలేదా?"

"చూశాను. నెట్టలేదు. ఇద్దరూ బంతి కోసం పోయారు."

"మీకు ఆ పక్కనించి కనపడి ఉండదులే. నాకు పైనించి సుబ్బరంగా కనపడతంది."

"అయితే మీరే దిగొచ్చి ఈల ఊదండి వీరబ్రహ్మం గారూ. నా చొక్కా ఇస్తాను."

ఆయన గొంతు తగ్గించి, "అదిగాదు మేడం. పిల్లకి వాన ఎట్టా ఉంటదో తెలవదు. నాకూ సరిగ్గా గుర్తు లేదు. అదన్నా చూస్తదని" అన్నాడు. నేను ఈల ఊదాను. ఆట ఆగి ఉంది.

పరీక్షలో హిమజ నాలుగు. మొదటి ఆటలో రెండే పట్టింది.

ఆట 5. నేల వేడి 38. ముగింపు 6.15.

శిశిర వాళ్ళ నాన్న, గోల్ కొడితే మామిడి తాండ్ర, కొట్టకపోతే ఆ పూట అన్నం లేదు అన్నాడట. పాప బంతి దొరికినప్పుడల్లా సగం మైదానం అవతలి నుంచే గోల్‌కు కొడుతోంది. ఎందుకమ్మా అంటే ఆకలేస్తోంది మేడం అంది. నా జేబులో ఉన్న అటుకుల ముద్ద ఇచ్చాను. రిఫరీ ఇలాంటివి చెయ్యకూడదు.

ఆట అయ్యాక మస్తానయ్య దగ్గరికి వెళ్ళి, ఆడినంతసేపూ ఆ మీటలు తీసుకుని పక్కన పెట్టించమని అడిగాను. ఆయన కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు. కూర్చుంటే లేవబుద్ధి కాదు.

"నీకు తెలియందేముంది సలోమీ. సైరన్ మోగిన రోజు నువ్వూ ఉన్నావు."

ఉన్నాను. వడగాలి వస్తోందని సైరన్ మోగింది. ఆ మోత నాలుగు గోడలకూ కొట్టుకుని తిరిగి తిరిగి వచ్చింది. పిల్లలకు అది ఎటునుంచి వస్తోందో, ఎటు పోవాలో తెలియలేదు. నలుగురు మూసి ఉన్న ఉత్తరం తలుపు వైపు పరిగెత్తారు. వాళ్ళను లోపలికి మోసుకొచ్చిన వాళ్ళలో నేనొకదాన్ని. అప్పుడే ఊరు సైరన్ పీకేసి కన్నవాళ్ళ గొంతును పిల్లల చెవిలో పెట్టింది. అమ్మో నాన్నో పిలిస్తే పిల్ల ఆలోచించకుండా కదులుతుంది, అంతకన్నా నమ్మకమైనది లేదు అనుకున్నాం. ఆ రోజు చెయ్యెత్తిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

"మీట తీసేసిన రోజునే ఏదన్నా అయితే ఎవరు జవాబు చెప్తారు?" అన్నాడు మస్తానయ్య. వచ్చేశాను.

ఆట 7. నేల వేడి 39. ముగింపు 6.15.

హిమజ ఇవాళ ఆడిన ఆట నేను పదకొండేళ్ళలో చూడలేదు. ముగ్గురిని దాటించి, బంతిని పాదానికి అంటించుకున్నట్టు తీసుకెళ్ళి, తాను కొట్టకుండా శిశిరకు ఇచ్చింది. శిశిర కొట్టింది. తాండ్ర ఖాయం. నేను మాత్రం హిమజ భుజాలు చూస్తున్నాను. పైన వీరబ్రహ్మం ఒక్క క్షణం ఊరుకోలేదు, ఈ భుజాలు ఒక్కసారీ ముడుచుకోలేదు. హాయిగా ఉన్నాయి.

పరీక్షలో ఏడు పట్టింది.

టోపీ విప్పుతున్నప్పుడు పక్కకు పిలిచి అడిగాను. "ఎందుకమ్మా ఆలస్యం? వినపడలేదా?"

"వినపడింది మేడం. నన్ననుకోలా."

"నీ టోపీలో నిన్ను కాక ఎవరినంటారు?"

పిల్ల కాసేపు బూటు కొనతో నేల గీకింది. "నాన్న ఎప్పుడూ ఏదో ఒకటి అంటానే ఉంటాడుగా. అన్నీ వింటే కాళ్ళు ఆగిపోతయ్యి. ఇప్పుడు వినకుండా ఆడటం వచ్చింది నాకు." కొత్త విద్య నేర్చుకున్నట్టు చెప్పింది.

ఆ మాటకు నేను భయపడాలి. సంతోషపడ్డాను. అదే నా తప్పు, రాసిపెడుతున్నాను. ఆ గోలలో ఒక పిల్ల తన చోటు తాను వెతుక్కుంది అనుకున్నాను. ఏడు అని రాస్తే ఆమెకు కొండ లేదు, వాన లేదు, రేపటినుంచి ఈ గంటా పావు ఆకాశం కూడా లేదు. బోర్డు పుస్తకంలో నాలుగు అని రాశాను. పదకొండేళ్ళలో మొదటి అబద్ధపు అంకె.

ఆట 8. నేల వేడి 39. ముగింపు 6.10.

తుషార్ పడమటి వరస డిఫెండరు. వాళ్ళమ్మ నాగరత్నం క్యాంటీన్ నడుపుతుంది. హిమజను ఆపలేకపోతున్నావు, కాలు తొక్కు అని మీటలో చెప్పిందట. తుషార్ మంచి పిల్లాడు. హిమజ దగ్గరికి వచ్చి, "సారీ, మా అమ్మ తొక్కమంది" అని చెప్పి మరీ తొక్కాడు. వాడికి ఏ కార్డు చూపించాలో నాకు పాలుపోలేదు.

పైకి చూస్తే వీరబ్రహ్మం నాగరత్నం మీట లాక్కోబోతున్నాడు, ఆవిడ టిఫిన్ డబ్బా మూతతో ఆయన మోచేతి మీద కొడుతోంది. మిగతావాళ్ళు రెండు జట్లయ్యారు. కింద పద్నాలుగు మంది పిల్లలు ఆట మానేసి తలలెత్తి చూస్తున్నారు. ఆట ఆపి యాభై నాలుగు మెట్లూ ఎక్కాను.

"మీ పిల్లలకు పదేళ్ళు. మీకెన్ని?" అన్నాను.

నాగరత్నం డబ్బా మూత కొంగుతో తుడుస్తూ, "ఏడుగురినే పంపుతామంటే ఏం చెయ్యమంటారు మేడం? మావాడు ఎనిమిదోవాడైతే ఎట్టా?" అంది. అడిగిన తీరుకు కోపం రావాలి గానీ రాలేదు. మెట్లు దిగి వచ్చాను. నేను కిందికి చేరేసరికి నోళ్ళు మళ్ళీ మొదలయ్యాయి.

హిమజ ఎనిమిది. నాలుగు అని రాశాను. తుషార్ ఆరు, శిశిర ఆరు. వాళ్ళకూ నాలుగే. ఒకరికి చేసి ఇద్దరికి చెయ్యకపోతే ఎలా?

ఆట 9. నేల వేడి 40. ఆట 6.02కు ఆగిపోయింది.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

తొలి ఎండ పడమటి గోడ నెత్తిన పడుతుంది. నాపరాయి గబుక్కున వేడెక్కి పగుళ్ళు విచ్చుతుంది. అందుకని ఆరుంబావు దాటితే ఆ గోడ మొదట్లోకి ఎవరినీ పోనివ్వను. ఇవాళ ఆరే అయింది. వారాలు గడిచేకొద్దీ వేడి పెరుగుతున్నప్పుడు రాయి నా గడియారం చూసుకుని పగలదని నాకు తట్టలేదు.

హిమజ కొట్టిన బంతి తుషార్ చేతికి తగిలి బయటికి పోయింది. ఈల ఊది చేతిబంతి ఇచ్చాను. బంతి తెచ్చుకోవడానికి హిమజ పడమటి గోడ మొదటికి నడిచింది. అప్పుడే నాగరత్నం నా లైనులోకి వచ్చింది. "అది చెయ్యి కాదు మేడం, భుజం. మావాడి చెయ్యి ఎక్కడుందో నాకు తెలీదా?" నేను వసారా వైపు తిరిగి, చేతి మీద చెయ్యి కొట్టి చూపిస్తూ వాదనకు దిగాను. గోడ నా వీపు వెనక ఉంది.

ఎదురుగా అద్దంలో వీరబ్రహ్మం కనబడుతున్నాడు. లేచి నిలబడి, మీట నోటికి ఆనించుకుని అరుస్తున్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు అనుకున్నాను. అంతకు మించి ఏమీ అనుకోలేదు. నాగరత్నంతో ఇంకో రెండు మాటలు కూడా అన్నాను.

తరువాత ఆయన నోరు ఆగిపోయింది. తెరుచుకునే ఉంది, కదలడం లేదు. మీట జారిపోయింది. రెండు అరచేతులూ అద్దానికి ఆనించాడు. అప్పుడు వెనక్కి తిరిగాను. హిమజ నా వైపు, వసారా వైపు, పరిగెత్తుకొస్తోంది. దాని వెనక గోడ మీది నుంచి మంచమంత రాయి ఒకటి, దానితో పాటు ఇంకొకటి జారి, ఆమె అంతకుముందు వంగి ఉన్న చోట పడ్డాయి. దుమ్ము కమ్మేసింది. నా ఈల నా మెడలోనే ఉంది. నేను ఊదలేదు.

దుమ్ములోంచి వచ్చి హిమజ నా నడుము వాటేసుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఈ మాట బోర్డు పుస్తకంలో రాశాను, ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

విచారణ రోజు. ఆట లేదు.

మీటలో మాట రికార్డవుతుంది. మస్తానయ్య దాన్ని అందరి ముందూ వినిపించాడు. "హిమజా. తల్లీ, వచ్చెయ్. పైన రాయి. వచ్చెయ్ తల్లీ." అదే అటూ ఇటూ మారుతూ తొమ్మిది లెక్కల సేపు. తరువాత గొంతు పూడుకుపోయి ఆగిపోయింది. ఆగిన రెండో లెక్కకు హిమజ తిరిగింది. చూసినవాళ్ళు అందరూ అదే చెప్పారు.

మస్తానయ్య పిల్లను దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. "నాన్న పిలిచింది వినపడలేదా అమ్మా?"

"వినపడింది తాతయ్యా."

"ఏమంటున్నాడో తెలిసిందా?"

"లేదు. ఆట గురించే అనుకున్నా. ఆట గురించైతే నేను వినను."

"మరి ఎందుకు పరిగెత్తుకొచ్చావు?"

హిమజ తండ్రి వైపు చూసి, చెప్పొచ్చా లేదా అన్నట్టు ఆగింది. "నాన్న ఆగిపోయాడు. మా వరసలో ఫ్యాను ఆగితే నిద్రలో కూడా లేచి కూర్చుంటాంగా, అట్టా అయ్యింది. ఏంటా అని తిరిగి చూస్తే అద్దానికి చేతులు పెట్టి ఉన్నాడు. నాన్నకేదో అయ్యిందని పరిగెత్తా."

వీరబ్రహ్మం తన చేతులకేసి చూసుకుంటూ కూర్చున్నాడు. నాకు దుఃఖం ఆగలేదు. ముసలితనంలో అందరి ముందూ ఏడ్చాను.

ఏడ్చాక ఈ నోటుబుక్కు తీసి మస్తానయ్య చేతిలో పెట్టాను. ఏడు, ఎనిమిది, ఆరు, ఆరు. వాటి పక్కన బోర్డు పుస్తకం. నాలుగు, నాలుగు, నాలుగు, నాలుగు. ఆయన రెండూ చూసి, "నువ్వా సలోమీ?" అన్నాడు. నేనేనన్నాను. ఈల కూడా బల్ల మీద పెట్టాను. ఈల తీసుకోవడానికి ఎవరైనా ఉన్నారా అని ఆయన అడిగితే గదిలో అందరూ పైకప్పు చూశారు. మళ్ళీ నా మెడలోనే వేసుకున్నాను.

బోర్డు తీర్మానం ఇది. ఆటలో మీట ముట్టుకోకూడదు, ప్రమాదానికి తప్ప. పడమటి గోడ వైపు గీత పదిహేను అడుగులు లోపలికి జరగాలి. పరీక్ష అంకె కింద రెండు సంతకాలుండాలి, నాదీ పిలిచినవాళ్ళదీ. ఐదు దాటిన ముగ్గురు పిల్లలు మూడు వారాలు ఆడకూడదు, ఆ తరువాత మళ్ళీ పరీక్ష. హిమజ అప్పుడు ఐదు దాటకపోతే కొండకు వెళ్ళే ఏడుగురిలో ఒకతె. దాటితే ఈ ఏడాదికి బయటికి రాదు.

ఆట 10. నేల వేడి 41. మొదలు 4.50, ముగింపు 5.50.

వసారా నిశ్శబ్దం. శీతల్ తాత కండువా కొన నములుతున్నాడు. కొడుకు ఆడకపోయినా నాగరత్నం వచ్చింది, వేరుశనగలు నోట్లో కుక్కుకుని కూర్చుంది. కింద పిల్లలు ఆడుతూ ఆడుతూ ఆగి పైకి చూస్తున్నారు. ఏమీ లేదు, ఆడండి అని చెప్పాను. ఆట మాత్రం పేలవంగా సాగింది. ఒక్క గోల్ కూడా పడలేదు. నాకు చాలా రోజుల తరువాత తలనొప్పి రాలేదు.

వలలు విప్పుతుంటే వీరబ్రహ్మం తలుపు దగ్గరికి వచ్చాడు. నోటుబుక్కు ఒకసారి చూపించమన్నాడు. హిమజ అంకెలు వేలితో ఒక్కొక్కటే చదివాడు. రెండు, నాలుగు, ఏడు, ఎనిమిది. ఏడు దగ్గర వేలు ఆగింది.

"ఆ రోజు మీరు ఏడని రాసుంటే పిల్ల ఆ గోడ దగ్గరుండేది కాదు."

"అవును" అన్నాను.

"నాకన్నా చెప్పాల్సింది మేడం."

"చెప్పాల్సింది. మీరు వింటారని నాకు నమ్మకం లేకపోయింది."

ఆయన కోప్పడతాడని చూశాను. నోటుబుక్కు మూసి ఇచ్చాడు. "ఇంట్లో దాన్ని పిలవాలన్నా భయమేస్తంది మేడం. అన్నానికి రమ్మని కూడా పిలవట్లా. లేచిపోయి భుజం తడతన్నా. పిలిస్తే రాకపోతే ఎట్టా అని." కిందటి నెల దాకా నోరు మూయని మనిషి. రోజుకు ఒక్కసారి, అవసరమున్నప్పుడే, పేరు పెట్టి పిలవమన్నాను. వచ్చాక ఎందుకు పిలిచారో చెప్పమన్నాను. నేనేమీ డాక్టర్ని కాను. తోచింది చెప్పాను.

ఆట 12. నేల వేడి 42. మొదలు 4.40, ముగింపు 5.35. కత్తెరకు ఆరు రోజులు.

ఈ ఏటికి ఇదే ఆఖరి ఆట. ఆట అయ్యాక మిగిలిన పరీక్షలు, సంతకాల కోసం నేనూ వసారాలోకి ఎక్కాను.

శిశిర మూడు. వాళ్ళ నాన్న సంతకం పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. తుషార్ నాలుగు. నాగరత్నం నా చెయ్యి పట్టుకుని, భుజమే మేడం అది అని మళ్ళీ అని, సంతకం పెట్టి వెళ్ళింది. వెళ్ళే ఏడుగురిలో ఆరుగురు తేలారు. వసారా ఖాళీ అయింది. నేను, వీరబ్రహ్మం మిగిలాం. కింద హిమజ ఒక్కతే, మాకు వీపు పెట్టి, కొత్త గీతకు ఇవతల బంతిని మోకాలి మీద ఎగరేసుకుంటోంది. మూడు వారాల తరువాత ఆకాశం కిందికి వచ్చింది. పైన ఇంకా నీలం ఉంది.

వీరబ్రహ్మం మీట పట్టుకున్నాడు. పెదవులు తడుపుకున్నాడు. ఎన్నోసార్లు నొక్కిన మీట, ఇవాళ దాన్ని కొత్తగా చూస్తున్నాడు. "హిమజా" అన్నాడు. మామూలు గొంతుతో, ఒక్కసారే.

నేను లెక్కపెట్టాను. ఒకటి. బంతి మోకాలి మీదే ఉంది. రెండు. మూడు. బంతి కింద పడింది. నాలుగు. హిమజ తల కొంచెం పక్కకు వాల్చింది, ఏదో దూరాన విన్నట్టు. ఐదు. తిరగవే తల్లీ అని లోపల మొక్కుకున్నాను. ఆరు. తిరిగింది. తిరిగి, అద్దం వైపు చూసి, తలుపు దిశగా అడుగు వేసింది.

వసారాలో మేమిద్దరమే. పుస్తకం నా ఒళ్ళో ఉంది, కలం చేతిలో ఉంది. ఐదుకూ ఆరుకూ మధ్య ఎంత? ఒక ఊపిరి. ఆ పిల్ల మూడు వారాల్లో తొమ్మిది నుంచి ఆరుకు వచ్చింది. ఇంకో నెలకు మూడుకు వస్తుంది. కొండ మీద నలభై రోజులు. ఇక్కడ అబద్ధాలు రాయనని ప్రమాణం చేసుకున్నాను గనుక రాస్తున్నాను, నా కలం ఐదు రాయడానికే కాగితం మీదికి వంగింది.

"ఆరు మేడం" అన్నాడు వీరబ్రహ్మం.

తల ఎత్తి చూశాను.

"నేనూ లెక్కపెట్టా. ఆరు. ఆ తొమ్మిదీ నేను మీట పట్టుకుని లెక్కపెట్టినోణ్ణి, ఆరంటే ఎంతసేపో నాకు తెలుసు. కన్నతండ్రి పిలిస్తేనే ఆరు పట్టింది. కొండ మీద దాన్ని పిలిచేది ముక్కూమొహం తెలియని మనిషి. ఆరే రాయండి."

"ఈ ఏడాదికి వాన ఉండదు వీరబ్రహ్మం గారూ."

"ఉండదు. నేనే చెప్పుకుంటాలే దానికి."

ఆయన చెప్పుకోనవసరం లేకపోయింది. ఆయన బొటనవేలు ఇంకా మీట మీదే ఉంది. ఆ సంగతి నేను చూసేసరికి ఆలస్యమైంది. కింద హిమజ నడక ఆపి, తల పైకెత్తి, ఆయన వైపే చూస్తోంది. ఇన్నాళ్ళలో ఆయన మీటలో అన్న మాటల్లో ఆమె పూర్తిగా విన్నది ఇదే అయి ఉంటుంది.

వీరబ్రహ్మం కూడా చూసుకున్నాడు. వేలు తియ్యలేదు. అలాగే నిలబడ్డాడు. హిమజ చేత్తో టోపీ అద్దం తుడుచుకుంది. అది లోపల తడిసిందని, బయట తుడిస్తే పోదని దానికి తెలియదు. ఒకసారి ఆకాశం చూసింది. తరువాత వెనక్కి వెళ్ళి బంతి తీసుకుని, చంకలో పెట్టుకుని, తలుపు వైపు నడవడం మొదలుపెట్టింది. ఎవరూ పిలవలేదు.

మీట బల్ల మీద పెట్టి ఆయన మెట్లు దిగి వెళ్ళాడు. నేను ఆరు అని రాసి సంతకం పెట్టాను. ఆయన సంతకం రేపు పెట్టిస్తాను.